వేగం ఉంది.. వయసూ ఉంది.. హైదరాబాద్‌లోనే అసలు పరీక్ష! అమ్మాయిల హాకీ జట్టు మళ్లీ నిలబడుతుందా?

భారత మహిళల హాకీ జట్టుకు ఈ ఏడాది అతిపెద్ద పరీక్ష మన హైదరాబాద్‌లోనే. మార్చి 8 నుంచి 14 వరకు గచ్చిబౌలిలోని హాకీ మైదానంలో ప్రపంచకప్ క్వాలిఫయర్ టోర్నీ జరగనుంది. ఇక్కడ గట్టెక్కితే ఆగస్టులో బెల్జియం, నెదర్లాండ్స్‌లో జరిగే ప్రపంచకప్‌కు టికెట్. లేదంటే 2014 తర్వాత మళ్లీ మన అమ్మాయిలు లేని ప్రపంచకప్ చూడాల్సి వస్తుంది.

రెండేళ్లుగా ఈ జట్టు పూర్తిగా మారుతోంది. పాతవాళ్లు వెళ్లిపోయారు. ఇరవై ఏళ్లు అటూఇటూ ఉన్న అమ్మాయిలు వచ్చారు. ఆటలో స్పీడ్ పెరిగింది. మరి ఫలితాలు? ఒక టోర్నీలో చైనాను ఓడించి కప్ గెలిచారు. ఏడాది తిరగకముందే ప్రో లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచారు. ఒకే జట్టు ఇంత తేడాగా ఎందుకు ఆడింది? కుర్ర కాళ్ల వేగం గెలుపుగా మారాలంటే ఇంకేం కావాలి?

ఇంత దూరం ఎందుకొచ్చింది?

టోక్యో ఒలింపిక్స్ గుర్తుండే ఉంటుంది. 2021లో జరిగిన ఆ ఒలింపిక్స్‌లో మన అమ్మాయిలు వరుసగా మొదటి మూడు మ్యాచ్‌లు ఓడారు. ఇక ఇంటికే అనుకున్నారంతా. ఆ తర్వాత ఐర్లాండ్‌ను, దక్షిణాఫ్రికాను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరారు. అక్కడ గుర్జీత్ కౌర్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఆస్ట్రేలియాను ఇంటికి పంపారు. కాంస్యం కోసం బ్రిటన్‌తో ఆడిన మ్యాచ్‌లో 3-4తో ఓడినా దేశం మొత్తం చప్పట్లు కొట్టింది. నాలుగో స్థానం.. మహిళల హాకీలో ఒలింపిక్స్‌ వరకు అదొక పెద్ద మైలురాయి.

అక్కడి నుంచి గ్రాఫ్ పైకీ కిందకీ ఊగుతూనే ఉంది. 2022లో కామన్వెల్త్ కాంస్యం, అదే ఏడాది చివర్లో నేషన్స్ కప్ టైటిల్. 2023 ఆసియా క్రీడల్లో కాంస్యం. అంతా బాగానే ఉందనుకుంటుండగా 2024 జనవరిలో రాంచీలో గట్టి దెబ్బ తగిలింది. పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫయర్ సెమీఫైనల్లో జర్మనీతో షూటౌట్‌లో ఓటమి. మూడో స్థానం మ్యాచ్‌లో జపాన్ చేతిలో 0-1. సొంతగడ్డపై, సొంత జనం ముందే పారిస్ టికెట్ చేజారింది.

కోచ్ యానెక్ షోప్‌మన్ వెళ్లిపోయారు. హరేంద్ర సింగ్ వచ్చారు. జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాకు చెందిన సలీమా టెటేకు కెప్టెన్సీ ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 22. అదే ఏడాది అక్టోబర్‌లో రాణి రాంపాల్ రిటైర్మెంట్ ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో వందనా కటారియా కూడా ఆటకు గుడ్‌బై చెప్పింది. వందన ఆడిన మ్యాచ్‌లు 320, కొట్టిన గోల్స్ 158. అలాంటి ఇద్దరు ఏడాది లోపే వెళ్లిపోతే ఏ జట్టయినా మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

కుర్ర కాళ్లు ఏం మార్చాయి?

ఈ కొత్త జట్టు బలం ఏంటో 2024 నవంబర్‌లో బిహార్‌లోని రాజ్‌గిర్‌లో తెలిసింది. ఆసియా చాంపియన్స్ ట్రోఫీలో ఆడిన ఏడు మ్యాచ్‌లూ గెలిచారు. మొత్తం 29 గోల్స్ కొట్టి, ఇచ్చింది రెండే. థాయ్‌లాండ్‌పై కొట్టిన 13 గోల్స్ పక్కన పెట్టినా లెక్క గట్టిగానే ఉంటుంది. పారిస్‌లో రజతం గెలిచిన చైనాను లీగ్ దశలో 3-0తో, ఫైనల్లో 1-0తో ఓడించారు. హిస్సార్ అమ్మాయి దీపిక ఒక్కతే 11 గోల్స్ చేసింది. ఫైనల్లో గోల్ కూడా ఆమెదే. అప్పటికి ఆమెకు ఇంకా 21 నిండలేదు. అదే జట్టులో ఆడిన సునెలితా టొప్పోకు 17 ఏళ్లే.

స్పీడ్ అంటే పరుగు పందెంలో ముందుండటమే అనుకుంటే పొరపాటు. హాకీలో వేగం మూడు చోట్ల పని చేస్తుంది.

మొదటిది, బంతి పోయిన వెంటనే. ఎదుటి డిఫెండర్ తల ఎత్తి పాస్ చూసుకునేలోపే ఇద్దరు ఫార్వర్డ్‌లు మీదకు వెళ్తే ఆమె తొందరపడుతుంది. తప్పు పాస్ ఇస్తుంది. అలా దొరికిన బంతి గోల్‌కు చాలా దగ్గర్లో దొరుకుతుంది. అలసిన కాళ్లతో ఈ ప్రెస్సింగ్ చేయలేరు.

రెండోది, బంతి దొరికిన వెంటనే. సలీమా బలం ఇక్కడే. మిడ్‌ఫీల్డ్‌లో బంతి అందుకుని నలభై గజాలు తనే మోసుకెళ్లగలదు. ఎదుటి జట్టు వెనక్కి వచ్చి సర్దుకునేలోపే సర్కిల్ దగ్గర మన వాళ్ల సంఖ్య ఎక్కువవుతుంది.

మూడోది, సర్కిల్‌లోకి వెళ్లాక. వేగంగా లోపలికి దూసుకొచ్చే అమ్మాయిని ఆపబోయి డిఫెండర్ కాలు అడ్డం పెట్టినా, స్టిక్‌ను కొట్టినా పెనాల్టీ కార్నర్ వస్తుంది. అంటే నేరుగా గోల్ రాకపోయినా వేగం వల్ల కార్నర్లు పెరుగుతాయి. డ్రాగ్ ఫ్లిక్ కొట్టే దీపిక లాంటి ప్లేయర్ ఉంటే అవే గోల్స్ అవుతాయి. రాజ్‌గిర్ ఫైనల్లో వచ్చిన గోల్ కూడా పెనాల్టీ కార్నర్ నుంచే.

ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో 2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో కనిపించింది. ప్రో లీగ్ మ్యాచ్. ఎదురుగా ఒలింపిక్ చాంపియన్ నెదర్లాండ్స్. సగం ఆట అయ్యేసరికి 0-2తో వెనుకబడ్డారు. 35వ నిమిషంలో దీపిక ఎడమ వైపు నుంచి డచ్ డిఫెండర్లను ఒకరి తర్వాత ఒకరిని తప్పించుకుంటూ బేస్‌లైన్ దాకా వెళ్లి గోల్ చేసింది. ఆ తర్వాత బల్జీత్ కౌర్ స్కోరు సమం చేసింది. చివరికి షూటౌట్‌లో మన వాళ్లే గెలిచారు. ఆ గోల్‌కు దీపికకు ఆ సీజన్ ప్రో లీగ్‌లో ఉత్తమ నైపుణ్యానికి ఇచ్చే మ్యాజిక్ స్కిల్ అవార్డు కూడా దక్కింది.

మరి యూరప్‌లో ఏమైంది?

నెదర్లాండ్స్‌ను ఓడించిన జట్టే నాలుగు నెలలు తిరగకుండా యూరప్ వెళ్లి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేకపోయింది. 2025 జూన్‌లో ఆడిన ఎనిమిది మ్యాచ్‌ల స్కోర్లు ఒకసారి చూడండి.

• ఆస్ట్రేలియాపై 2-3, 1-2
• అర్జెంటీనాపై 1-4, 2-2 (షూటౌట్‌లో ఓటమి)
• బెల్జియంపై 1-5, 1-2
• చైనాపై 0-3, 2-3

కొట్టినవి 10, ఇచ్చినవి 24. ప్రో లీగ్‌లో చివరి స్థానం. దాంతో నేషన్స్ కప్‌కు దిగజారారు. ఏటా ప్రపంచ మేటి జట్లతో ఆడే అవకాశం పోయింది.

పైపైన చూస్తే చిత్తుగా ఓడినట్టే ఉంటుంది. కానీ లిస్టు ఇంకోసారి చదివితే అసలు విషయం తెలుస్తుంది. ఎనిమిదిలో నాలుగు మ్యాచ్‌లు పోయింది ఒక్క గోల్ తేడాతోనే. ఇంకోటి షూటౌట్‌లో పోయింది. అంటే ఐదు మ్యాచ్‌ల్లో మన అమ్మాయిలు చివరిదాకా పోటీలోనే ఉన్నారు. పెద్ద జట్లతో సమానంగా పరుగెత్తే సత్తా ఉంది. గెలుపు ఓటమి తేల్చే ఆ ఒక్క గోల్ దగ్గరే చిక్కొచ్చి పడింది.

ఆ ఒక్క గోల్ ఎక్కడ పోతుంది? వేగంగా ఆడే కుర్ర జట్లన్నిటికీ ఉండే జబ్బే ఇది. ముందుకు దూకినప్పుడు వెనకాల ఖాళీ మిగులుతుంది. సర్కిల్‌లోకి వెళ్లాక పక్కన ఖాళీగా ఉన్న ప్లేయర్‌కు పాస్ ఇవ్వకుండా తొందరపడి షాట్ కొట్టేస్తారు. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆటను నెమ్మదింపజేయకుండా అదే స్పీడ్‌లో ఆడి బంతి పోగొట్టుకుంటారు. హాకీలో ప్రతి క్వార్టర్ 15 నిమిషాలు. ప్లేయర్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. కాబట్టి బెంచ్ మీద కూడా అదే స్థాయి వాళ్లుంటేనే నాలుగో క్వార్టర్‌లో కాళ్లు ఆడతాయి. పెద్ద జట్లు మ్యాచ్‌లు గెలిచేది సాధారణంగా అక్కడే.

సెప్టెంబర్‌లో హాంగ్జౌలో జరిగిన ఆసియా కప్ కూడా ఇదే పాఠం చెప్పింది. గాయాలతో దీపిక, సీనియర్ గోల్‌కీపర్ సవిత ఇద్దరూ దూరమయ్యారు. అయినా ఫైనల్ చేరారు. ఫైనల్లో మొదటి నిమిషంలోనే నవ్‌నీత్ కౌర్ గోల్ కొట్టింది. ఇంకేముంది అనుకునేలోపే చైనా నాలుగు గోల్స్ కొట్టి 4-1తో కప్ ఎగరేసుకుపోయింది. ఆ మ్యాచ్ గెలిచి ఉంటే ప్రపంచకప్‌కు నేరుగా అర్హత దక్కేది. హైదరాబాద్ క్వాలిఫయర్ అవసరమే ఉండేది కాదు.

రాజ్‌గిర్‌లో చైనాపై రెండు గెలుపులు.. పది నెలల తర్వాత హాంగ్జౌలో అదే చైనా చేతిలో రెండుసార్లు 1-4 ఓటమి. ఇద్దరు కీలక ప్లేయర్లు లేకపోతే ఇంత తేడా వచ్చిందంటే, జట్టులో వేగం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నా వాళ్ల స్థానాన్ని భర్తీ చేసేవాళ్లు ఇంకా తయారు కాలేదనే అర్థం.

సీనియర్లు ఎందుకు కావాలి?

కుర్రాళ్లు రావాలంటే పాతవాళ్లందరినీ పంపేయాలన్న మాట సోషల్ మీడియాలో ప్రతి ఓటమి తర్వాతా వినిపిస్తుంది. ఈ జట్టు అనుభవం మాత్రం వేరే చెబుతోంది. నెదర్లాండ్స్‌ను ఓడించిన షూటౌట్‌లో గోల్ ముందు నిలబడింది సవిత. ఆమె అంతర్జాతీయ మ్యాచ్‌లు 300 దాటాయి. డిఫెన్స్‌లో ఉదిత, నిక్కీ ప్రధాన్, మిడ్‌ఫీల్డ్‌లో నేహా గోయల్.. వీళ్లంతా టోక్యో ఆడినవాళ్లు. ముందున్న అమ్మాయిలు ధైర్యంగా దూకాలంటే వెనకాల ఎవరో ఒకరు చూసుకుంటారన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ఇచ్చేది వీళ్లే.

ఇంకో విషయం. కింది నుంచి వచ్చే సరుకు కూడా ఎప్పుడూ రెడీగా ఉంటుందని అనుకోలేం. 2024 డిసెంబర్‌లో మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్‌ను మన అమ్మాయిలే గెలిచారు. ఫైనల్లో చైనాను షూటౌట్‌లో ఓడించారు. ఏడాది తర్వాత చిలీలోని శాంటియాగోలో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్ కూడా చేరలేకపోయారు. ఆసియాలో గెలిపించిన వేగం ప్రపంచ స్థాయిలో సరిపోవట్లేదని సీనియర్ జట్టులో చూసిందే జూనియర్లలోనూ కనిపించింది.

మహిళల హాకీ ఇండియా లీగ్ మొదలవడం మాత్రం మంచి మార్పు. 2025 జనవరిలో జరిగిన తొలి సీజన్ ఫైనల్లో ఒడిశా వారియర్స్ 2-1తో గెలిచింది. ఆ రెండు గోల్స్ చేసింది మహారాష్ట్ర అమ్మాయి రుతుజా పిసాల్. నెలల తరబడి క్యాంపులో ప్రాక్టీస్ చేసినా రాని ఒత్తిడి అనుభవం విదేశీ స్టార్లతో కలిసి ఆడే ఒక్క ఫైనల్‌లో వస్తుంది. రుతుజా ఆ తర్వాత ఆసియా కప్ జట్టులోనూ ఆడింది.

పాత కోచ్.. కొత్త జట్టు

2025 డిసెంబర్ మొదట్లో హరేంద్ర సింగ్ వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నారు. కొత్త ఏడాది మొదట్లోనే హాకీ ఇండియా ఒక పాత పేరును వెనక్కి తెచ్చింది. టోక్యోలో జట్టును నాలుగో స్థానానికి చేర్చిన డచ్ కోచ్ స్జోయెర్డ్ మరీన్. ఆయనతో పాటు ఫిట్‌నెస్ నిపుణుడు వేన్ లొంబార్డ్ కూడా తిరిగొచ్చారు.

ఈ రెండో పేరు చాలామంది పట్టించుకోలేదు కానీ అసలు కీలకం అదే కావొచ్చు. టోక్యోకు ముందు ఆ జట్టు ఫిట్‌నెస్‌ను మార్చింది లొంబార్డే. మొదటి మూడు మ్యాచ్‌లు ఓడిన జట్టు, ఎండలో, తక్కువ విరామంతో, తర్వాతి మ్యాచ్‌ల్లో ఇంకా గట్టిగా పరుగెత్తడం వెనక ఆయన పని ఉంది. యోయో టెస్టులు, ఒంటికి కట్టే జీపీఎస్ పరికరాలతో ఎవరు ఎంత దూరం పరుగెత్తారు, ఎప్పుడు స్పీడ్ తగ్గింది అన్న లెక్కలు.. ఇవన్నీ ఇప్పుడు హాకీలో మామూలే. ఆ లెక్కలు చూసి ఎవరిని ఎన్ని నిమిషాలకు బయటికి పిలవాలో తేల్చగలిగితే నాలుగో క్వార్టర్ కష్టాలు సగం తీరతాయి.

అయితే మరీన్‌కు టైమ్ చాలా తక్కువ. టోక్యో జట్టును తయారు చేయడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు చేతిలో ఉన్నది రెండు నెలలే. ఇంత తక్కువ టైమ్‌లో కొత్త ఆట నేర్పడం కష్టం. ఉన్న వేగాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది నేర్పగలిగితే చాలు.

హైదరాబాద్ లెక్క ఇదీ

క్వాలిఫయర్‌లో ఎనిమిది జట్లు. భారత్ గ్రూపులో స్కాట్లాండ్, ఉరుగ్వే, వేల్స్ ఉన్నాయి. ఇంకో గ్రూపులో ఇంగ్లండ్, కొరియా, ఇటలీ, ఆస్ట్రియా. మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్లకు ప్రపంచకప్ బెర్తు ఖాయం. ఇలాంటిదే ఇంకో క్వాలిఫయర్ చిలీలో జరుగుతుంది. రెండు చోట్లా నాలుగో స్థానంలో నిలిచినవాటిలో ర్యాంకు మెరుగ్గా ఉన్న జట్టుకు కూడా చాన్స్ ఉంటుంది.

కాగితం మీద చూస్తే దారి సులువే. కానీ రాంచీలో కూడా మొదటి మూడు జట్లకే పారిస్ టికెట్ అన్నారు. అక్కడా సొంత మైదానమే. నాలుగో స్థానంతో ఆగిపోయారు. పైగా ఇంగ్లండ్‌ను పక్కన పెడితే మిగతా జట్లలో చాలావరకు భారత్‌పై వెనక్కి తగ్గి, సర్కిల్ నిండా జనాన్ని పెట్టి ఆడతాయి. ఖాళీ స్థలం లేని చోట వేగం ఉపయోగపడదు. అప్పుడు ఓపిగ్గా బంతిని అటూఇటూ తిప్పి దారి చేసుకోవాలి. పెనాల్టీ కార్నర్లను గోల్స్‌గా మార్చాలి. ఈ టోర్నీలో కుర్ర జట్టుకు ఎదురయ్యే కష్టమైన ప్రశ్న ఇదే.

గెలిస్తే పని అయిపోయినట్టు కాదు. ప్రపంచకప్ ఆగస్టు 15 నుంచి 30 వరకు. సెప్టెంబర్ 19న జపాన్‌లో ఆసియా క్రీడలు మొదలవుతాయి. అక్కడ స్వర్ణం గెలిస్తే 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత. రెండు పెద్ద టోర్నీల మధ్య గ్యాప్ మూడు వారాలే. ప్రపంచకప్‌కు ముందు నేషన్స్ కప్ కూడా ఉంది, అది గెలిస్తేనే ప్రో లీగ్‌కు తిరిగి దారి. పదకొండు మందితో ఈ ఏడాది గట్టెక్కదు. పాతిక మంది రెడీగా ఉండాలి.

మన ఊళ్లకు ఇందులో ఏముంది?

హాకీలో తెలుగు పేర్లు తక్కువే కానీ లేకపోలేదు. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్‌ది హైదరాబాదే. పూర్వ చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె అనే చిన్న పల్లె నుంచి వచ్చిన ఇటిమరపు రజని జాతీయ జట్టు గోల్‌కీపర్ అయింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్ ఆమే. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. 2023లో సీనియర్ మహిళల జాతీయ చాంపియన్‌షిప్ కాకినాడలోనే జరిగింది.

కానీ ఈ పటంలో పశ్చిమ ప్రకాశం ఎక్కడుంది? అర్ధవీడు, కంభం, గిద్దలూరు, మార్కాపురం వైపు ఆటలంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. నల్లమల అంచున ఉన్న ఈ ఊళ్ల పిల్లల్లో పరుగుకు కొదవ లేదు. సలీమా టెటే, బ్యూటీ డుంగ్‌డుంగ్ పుట్టిన సిమ్‌డేగా కూడా అడవులు, కొండల మధ్య ఉన్న వెనుకబడిన జిల్లానే. అక్కడి పిల్లలు కొమ్మలు నరికి చేసుకున్న కర్రలతో హాకీ మొదలుపెడతారు. తేడా ఏంటంటే, అక్కడ ఊరి పోటీ నుంచి హాకీ సెంటర్‌కు, సెంటర్ నుంచి టర్ఫ్‌కు, టర్ఫ్ నుంచి జాతీయ క్యాంపుకు మెట్లు ఉన్నాయి. మట్టి గ్రౌండ్‌లో నేర్చుకున్న అమ్మాయికి టర్ఫ్ దొరకకపోతే ఆమె ఎంత వేగంగా పరుగెత్తినా జిల్లా స్థాయి దాటడం కష్టం. టర్ఫ్ మీద బంతి వేగమే వేరు, స్టిక్ పట్టే తీరే వేరు.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. అమ్మాయికి ఆటలెందుకు అనే ఇంట్లో ఇది పనికొచ్చే మాటే. కానీ కోటా అందుకోవాలంటే ముందు ఆడటానికి చోటుండాలి. మార్కాపురం ఇప్పుడు కొత్త జిల్లా కేంద్రం. ఆఫీసులు, బిల్డింగుల లిస్టు రాసేటప్పుడే ఒక టర్ఫ్ గ్రౌండ్, ఒక కోచ్ పోస్టు కూడా అందులో చేరిస్తే పదేళ్ల తర్వాత ఫలితం కనిపిస్తుంది.

మ్యాచ్ చూసేటప్పుడు ఈ మూడూ గమనించండి

1. సర్కిల్‌లోకి వెళ్లాక మన ఫార్వర్డ్ తల ఎత్తి చూస్తోందా, లేక వెళ్లిన ఊపులోనే కొట్టేస్తోందా?

2. పెనాల్టీ కార్నర్లు ఎన్ని వచ్చాయి, వాటిలో ఎన్ని గోల్స్ అయ్యాయి? కార్నర్లు బాగా వచ్చి గోల్స్ రాకపోతే వేగం ఉన్నా ఫినిషింగ్ లేదని అర్థం.

3. చివరి 15 నిమిషాల్లో స్కోరు ఎటు కదులుతోంది? జట్టు నిజంగా మారిందా లేదా అన్నది ఈ క్వార్టరే చెబుతుంది.

యూరప్‌లో ఒక్క గోల్ తేడాతో పోయిన ఆ నాలుగు మ్యాచ్‌లు ఈసారి మనవైపు తిరిగితే ప్రపంచకప్ టికెట్ పెద్ద విషయం కాదు. గచ్చిబౌలి మన తెలుగు రాష్ట్రాల వాళ్లకు దగ్గరే. సునెలిత, దీపిక, సలీమా లాంటి అమ్మాయిల ఆటను టీవీలోనే కాదు, వీలైతే ఇంట్లో ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని గ్రౌండ్‌కు వెళ్లి చూడొచ్చు.